దొరగారి మధ్యాహ్నపు కునుకు

తామరగెడ్డలో మధ్యాహ్నం ఒంటిగంట కొట్టగానే విట్టేకర్ దొరగారు నిద్రపోతారు. మూడు కొట్టగానే లేస్తారు. ఆయన పోయి నూట పాతికేళ్లు కావస్తున్న మాట నిజమే. అయితే ఆ కారణంగా ఈ ఏర్పాటుకు ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు.

ఏర్పాటు ఏమిటో చెప్పాలంటే ముందు రోడ్డు సంగతి చెప్పాలి. ఊరి చివర ఒక పక్క కొండ, ఇంకో పక్క గెడ్డ, అంటే కొండవాగు. రెండింటి నడుమ ఒకే ఒక్క రోడ్డు. రోడ్డు వారగా ముసాఫరు బంగళా, దాని ముందు రోడ్డుకు అడ్డంగా ఇనుప గేటు. గేటుకు అవతల పాలేలు, అంటే చిన్న పల్లెలు, పదకొండున్నాయి. ఇవతల సంత, హైస్కూలు, ఆసుపత్రి, తహసీల్దారు ఆఫీసు ఉన్నాయి. అవతలివాళ్లు చదవాలన్నా, చింతపండు అమ్ముకోవాలన్నా, తాము బతికే ఉన్నట్టు కాగితం రాయించుకోవాలన్నా గేటు దాటి రావాల్సిందే.

తెల్లవాళ్ల రోజుల్లో విట్టేకర్ దొరగారు సబ్‌కలెక్టరు హోదాలో ఆ బంగళాలో మకాం వేశారు. భోంచేసి కాస్త నడుం వాల్చారో లేదో, ఎద్దుబండ్ల ఇరుసులు కిర్రుమంటూ చెవిన పడ్డాయి. ఇరుసులకు ఆముదం రాయమంటే సరిపోయేది. కాని సామ్రాజ్యాలు నడిపేవాళ్లకు అంత చిన్న ఉపాయాలు తట్టవు. ఆయన లేచి కూచుని ఒక ఉత్తర్వు రాశారు. దొరగారు నిద్రించు వేళ, అనగా పగలు ఒంటిగంట మొదలు మూడు గంటల వరకు, బండ్లు గాని, పశువులు గాని, మనుష్యులు గాని, శవములు గాని సదరు గేటు దాటరాదు. శవాలను ప్రత్యేకంగా చేర్చడానికి కారణం వాటి వెంట డప్పులుంటాయని.

గేటుకో జవానును వేశారు. జవానుకో రిజిస్టరు ఇచ్చారు. ఒంటిగంటకు అతను గేటు వేసి "దొరగారు నిద్రించుచున్నారు. గేటు మూయబడినది" అని రాయాలి. మూడింటికి గేటు తీసి "దొరగారు మేల్కొనిరి. గేటు తెరువబడినది" అని రాయాలి. మూడేళ్లపాటు అంతా సవ్యంగా జరిగింది. ఆ తరవాత ఒక వేసవి మధ్యాహ్నం దొరగారు నిద్రలోనే పోయారు. మూడు కొట్టింది. ఆయన మేల్కోలేదు కాబట్టి మేల్కొన్నట్టు రాయడానికి వీల్లేదు. మేల్కొన్నట్టు రాయనిదే గేటు తియ్యడానికి వీల్లేదు. దొరగారిని బంగళా వెనక పాతిపెట్టి, శిలాఫలకం వేయించి, దొరసానికి ఉత్తరం రాసి, అన్నీ చేశారు గాని గేటు మాత్రం మూడు రోజులు మూసే ఉంచారు. నాలుగో రోజున మద్రాసు నుంచి తంతి వచ్చింది. కొత్త దొర వచ్చి చార్జి పుచ్చుకునే వరకు, గతించిన దొరగారు ప్రతిదినం మూడు గంటలకు మేల్కొన్నట్లే భావించవలెనని.

కొత్త దొరకు సముద్రపు గాలి ఒంటికి పడింది కాబట్టి ఆయన తీరంలోనే ఉండిపోయి ఈ బంగళా మొహం చూడలేదు. చార్జి ఎవరూ పుచ్చుకోలేదు. అందుచేత తంతి అమల్లోనే ఉంది. దేశానికి స్వతంత్రం వచ్చిన రోజున అవతల పాలేల జనం జెండాలు పట్టుకుని ఊరేగింపుగా వచ్చేసరికి ఒంటిగంటా పది అయింది. గేటు పక్కన దొరగారు నాటించిన మామిడిచెట్టు కింద అందరూ కూచుని, జెండాలు ఒళ్లో పెట్టుకుని, పాటలు లోగొంతుకతో పాడుకున్నారు. స్వరాజ్యం తామరగెడ్డలోకి మూడు దాటాక వచ్చింది.

ఆ తరవాత గేటు తీసెయ్యమని అర్జీలు పెట్టని సంవత్సరం లేదు. పరిశీలనలో ఉన్నదని జవాబు రాని సంవత్సరమూ లేదు. ఒకసారి ఒక జవాను మనసు కరిగి, పసిబిడ్డ శవంతో వచ్చినవాళ్లకు రెండింటప్పుడు గేటు తీశాడు. సాయంత్రానికల్లా ఉద్యోగం పోయింది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు నూకయ్య. నూకయ్య పోయాక అతని కొడుకు దాలయ్య వచ్చాడు. ఈ కథ దాలయ్యది.

దాలయ్యకు యాభై ఎనిమిదేళ్లు. ముప్ఫై ఏళ్లుగా దొరగారిని నిద్రపుచ్చి లేపుతున్నాడు. సెలవు పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతని చేతిరాత ముత్యాల కోవలా ఉంటుందని తహసీల్దార్లు మెచ్చుకుంటూ వచ్చారు. దాలయ్యకు కూడా లోలోపల ఆ రిజిస్టరంటే గర్వమే, లేదనడానికి లేదు. అవతల పాలేలవాళ్లు తిట్టినా, శాపాలు పెట్టినా అతను నొచ్చుకునేవాడు కాదు. గేటు వేసేది తను కాదు, ఉత్తర్వు అని అతని సమాధానం.

అతన్ని నొప్పించగలిగిన మనిషి ఒక్కతే, పెళ్లాం అచ్చియ్యమ్మ. వాళ్ల ఇల్లు గేటుకు అవతల, వెదుళ్లపాలెంలో. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆమెకు నొప్పులొచ్చి ఎద్దుబండిలో ఆసుపత్రికి బయల్దేరితే, గేటు దగ్గరికొచ్చేసరికి ఒంటిగంటా ఇరవై. గేటుకు ఇవతల దాలయ్య కొత్త ఖాకీ బట్టల్లో నిలబడి ఉన్నాడు. తాళంచెవి నడుముకే ఉంది. తియ్యలేదు. మామిడిచెట్టు కింద, బండిలోనే, పాలేల ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టగా రవణమ్మ పుట్టింది. పిల్ల ఏడిస్తే దొరగారికి నిద్రాభంగమవుతుందని దాలయ్య కంగారుపడ్డాడని, ఆ మాట అచ్చియ్యమ్మ తన చెవులతో విన్నదని ఊరంతా చెప్పుకుంటుంది. దాలయ్య కాదనడు, ఔననడు. ఆనాటి నుంచి సాయంత్రం అతను ఇంటికి రాగానే అచ్చియ్యమ్మ ముందు మంచినీళ్లివ్వదు. "నీ దొర లెగిసాడేటి?" అని అడుగుతుంది. "లెగిసాడు" అన్నాకే చెంబు ఇస్తుంది.

ఇప్పుడు రవణమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. దాలయ్యకు నిద్ర పట్టడం మానేసింది. రోజుకు ఇరవైనాలుగు గంటలు, అందులో గేటుకు పోయేవి రెండే అని వేళ్ల మీద లెక్కలు కట్టుకునేవాడు. ఆ రెండే మళ్లీ వస్తాయేమోనన్న భయం మాత్రం ఏ లెక్కకూ లొంగలేదు.

సరిగ్గా అప్పుడే సర్కారువారికి మెలకువ వచ్చింది. సామ్రాజ్య చిహ్నాల నిర్మూలన పక్షోత్సవాలు జరపాలని ఉత్తర్వులు వెలువడ్డాయి. తెల్లవాళ్లు వదిలి వెళ్లిన ప్రతి గుర్తునూ వెతికి పట్టుకుని, చిహ్నానికి ఒక ఫారం చొప్పున మూడు ప్రతుల్లో నింపి పంపాలి. ఫారం ఎలా నింపాలో తెలియకపోతే తెల్లదొరలు రాసిన పాత ఆఫీసు మాన్యువలు చూడాలని అడుగున రాసి ఉంది.

దాలయ్య ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.  ముప్ఫై ఏళ్లలో మొదటిసారి తన ముత్యాల చేతిరాతతో తనకోసం ఒక అర్జీ రాసుకున్నాడు. సదరు గేటు తెల్లవారి గుర్తు గనుకను, సదరు దొరగారు నిద్ర లేచి స్వదేశం వెళ్లిపోయినట్లు రికార్డు చేయించి గేటును తీయించవలసిందిగా ప్రార్థన అన్నాడు. తహసీల్దారు త్రినాథరావు చెడ్డవాడు కాదు. సంతకం పెట్టడమంటే భయం, అంతే. అర్జీని తన మాటగా పంపకుండా "తగు చర్య నిమిత్తం" అని పైకి పంపాడు.

పక్షం రోజులకు ప్రత్యేకాధికారి ఉమాపతిరావు గారు స్వయంగా దయచేశారు. మూడు కార్లు వచ్చాయి. ముందు కారులోంచి ఎర్ర పటకా, ఇత్తడి బిళ్ల, తలపాగా పెట్టుకున్న బంట్రోతు దిగి, వెనక కారు తలుపు తీసి వంగి నిలబడ్డాడు. ఈ బంట్రోతు వేషం కూడా చిహ్నమే కదా అని ఎవరో స్కూలు మాస్టరు గొణిగితే, అది వారసత్వ సంపద అనీ, వేరే కమిటీ చూస్తుందనీ త్రినాథరావు చెవిలో చెప్పి ఊరుకోబెట్టాడు.

బంగళా వరండాలో సభ. ఉమాపతిరావు గారు ఖద్దరు లాల్చీలో గంభీరంగా ఉన్నారు. "సామ్రాజ్యం వెళ్లిపోయింది గాని, దాని నీడ ఈ నేల మీద నుంచి తొలగలేదు. ఆ నీడను మనం సమూలంగా, కాలబద్ధంగా, నిర్ణీత నమూనాలో నిర్మూలించబోతున్నాం" అని సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టబోయారు గాని అప్పటికి ఒంటిగంటయింది. దాలయ్య గేటు వేసి రిజిస్టరు రాశాడు. అలవాటు కొద్దీ సభ మొత్తం గొంతు తగ్గించింది. ఉమాపతిరావు గారు కూడా మిగిలిన ఉపన్యాసాన్ని గుసగుసగానే పూర్తి చేశారు.

భోజనాలయ్యాక చిహ్నాల పరిశీలన మొదలైంది. దొరగారు కూచున్న పేము కుర్చీని చిహ్నంగా గుర్తించి జిల్లాకు తరలించారు. అది ఉమాపతిరావు గారింటి వసారాలో భద్రంగా ఉందని తరవాత తెలిసింది. గోడగడియారాన్ని దింపించారు. ఇక చెట్టు. గేటు పక్కన మామిడిచెట్టు విట్టేకర్ దొరగారు స్వహస్తాలతో నాటినట్టు శిలాఫలకం ఉంది కాబట్టి, అది నిస్సందేహంగా సామ్రాజ్య చిహ్నమేనని తేలింది. మర్నాడు పొద్దున్నే రంపాలతో మనుషులొచ్చి సాయంత్రానికల్లా మొదలంటా కోసేశారు. గేటు దగ్గర ఎదురుచూసే జనానికి నూట పాతికేళ్లుగా ఉన్న నీడ అది ఒక్కటే. కాలబద్ధంగా పోయింది.

గేటు విషయం మాత్రం అంత తేలిక కాలేదు. ఏ ఉత్తర్వునైనా రద్దు చేసే ముందు సహజ న్యాయ సూత్రాల ప్రకారం బాధిత పక్షానికి నోటీసు ఇచ్చి, తన వాదన వినిపించుకునే అవకాశం కల్పించాలని ఉమాపతిరావు గారు అన్నారు. దాలయ్యకు ప్రాణం లేచొచ్చింది. పదకొండు పాలేల పెద్దల్నీ పిలుచుకొస్తానని బయల్దేరాడు. ఉమాపతిరావు గారు జాలిగా నవ్వారు. గేటు రద్దయితే నిద్రాభంగం కలిగేది ఎవరికి? దొరగారికి. బాధిత పక్షం ఆయనే.

నోటీసు తయారైంది. పదిహేను రోజుల్లోగా తమరి అభ్యంతరములు తెలుపుకొనవలెను, లేనియెడల తమకు చెప్పుకొనునది ఏమియు లేదని భావించబడును. దాన్ని దొరగారి సమాధికి అంటించాలి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లబోతుంటే, ఆ సమయంలో వారు నిద్రలో ఉంటారు గనుక నోటీసు చెల్లదని త్రినాథరావు సమయానికి గుర్తుచేశాడు. మూడున్నరకు అంటించి, అందినట్టు సాక్షి సంతకం దాలయ్య చేత పెట్టించారు.

పదిహేను రోజులు గడిచాయి. దొరగారి నుంచి జవాబు రాలేదు. ఇక అభ్యంతరం లేనట్టే కదా అని దాలయ్య ఆశపడ్డాడు. న్యాయ సలహాదారు గారికి రాస్తే ఆయన నాలుగు పేజీల అభిప్రాయం పంపారు. రికార్డుల ప్రకారం సదరు వ్యక్తి ప్రతిదినం నిద్రించుచు మేల్కొనుచునే ఉన్నారు. కనుక ఆయన లేరని అనరాదు. నిద్రావశులు కాదగిన వ్యక్తి మౌనాన్ని అంగీకారంగా పరిగణించరాదు. ఈ అభిప్రాయానికి ఆధారంగా ఆయన జతపరచింది దాలయ్య రాసిన ముప్ఫై ఏళ్ల రిజిస్టర్లనే. ఆ సంగతి త్రినాథరావు చదివి వినిపిస్తుంటే దాలయ్య నిలబడి చివరిదాకా విన్నాడు. గేటు వేసింది ఉత్తర్వేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు. దొరను బతికించి ఉంచింది మాత్రం తన చేతిరాతే.

పక్షోత్సవాలు రెండు నెలలు సాగాయి. చివరికి నివేదిక వచ్చింది. గేటులో సామ్రాజ్యం లేదని అందులో తేల్చారు. ఇనుము ఇనుమే. సామ్రాజ్యం ఉన్నది దొర అనే మాటలో. పరాయివాడి నిద్ర కోసం జాతి తన దారి తాను మూసుకోవడం బానిసత్వం. అదే తన ప్రభుత్వపు నిద్ర కోసం మూసుకుంటే అది ఆత్మగౌరవం. కాబట్టి గేటుకు స్వరాజ్య ద్వారం అని పేరు పెట్టాలి. రిజిస్టరులో దొరగారు అని వచ్చిన చోటల్లా ప్రభుత్వం వారు అని రాయాలి. ఇంకొక అంశం కూడా ఉంది. పరాయి పాలకుడి నిద్రకు రెండు గంటలు కేటాయించిన జాతి, తన సొంత ప్రభుత్వానికి అంతే కేటాయించడం చిన్నతనం గనుక, గేటు ఇకపై ఒంటిగంట నుంచి నాలుగు గంటల వరకు మూసి ఉంచాలి.

ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ మామూలుగా అడిగింది. దాలయ్య అరుగు మీద కూచున్నాడు. "దొర ఎల్లిపోనాడే, ఆ మంచం మీదకి మనోళ్లొచ్చారు" అన్నాడు. ఇంకో గంట ఎక్కువ పడుకుంటారని మాత్రం అనలేకపోయాడు. లోపల రవణమ్మ నిండు పొట్టతో గోడకు ఆనుకుని కూచుని ఉంది. డాక్టరమ్మ వచ్చే వారం వచ్చి ఆసుపత్రిలో చేరమంది.

స్వరాజ్య ద్వారం ప్రారంభోత్సవం గురువారం పెట్టారు. గేటుకు మూడు రంగులు పూసి, బంతిపూల దండలు వేశారు. ఉమాపతిరావు గారు పదకొండింటికి వచ్చి రిబ్బను కత్తిరించారు. గేటు తెరిచి అవతలికి అడుగువేసి మళ్లీ ఇవతలికి వచ్చి, ఈ ఒక్క అడుగుతో మనం శతాబ్దపు దాస్యాన్ని దాటామన్నారు. తరవాత నాటుకోడి పులుసుతో భోజనం చేశారు. సరిగ్గా ఒంటిగంటకు దాలయ్య గేటు మూసి, కొత్త రిజిస్టరు మొదటి పేజీలో కొత్త వాక్యం రాశాడు. "ప్రభుత్వం వారు నిద్రించుచున్నారు. గేటు మూయబడినది." రాసి తలెత్తేసరికి బంగళా లోపలి నుంచి గురక వినిపించింది. దాలయ్య ఉలిక్కిపడ్డాడు. తను రాసిన మాట ముప్ఫై ఏళ్లలో నిజం కావడం అదే మొదలు.

ఒంటిగంటా ఇరవైకి అవతల ఆటో వచ్చి ఆగింది. అచ్చియ్యమ్మ దిగింది. ఆటోలో రవణమ్మ పళ్లు బిగబట్టి, సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఒళ్లంతా చెమట. చైత్రమాసపు ఎండ నెత్తిన పడుతోంది. పక్కకు తప్పుకుందామంటే మామిడిచెట్టు ఉన్న చోట మొద్దు మాత్రం ఉంది.

దాలయ్య పరుగున బంగళా మెట్ల దగ్గరికి పోయాడు. వరండాలో త్రినాథరావు కుర్చీలో కూచుని ఉన్నాడు. కూతురు సంగతి చెప్పి, గేటు తియ్యమని ఒక్క మాట చెప్పండి చాలు అన్నాడు.  అనుమతి ఇవ్వగలిగింది లోపల పడుకున్నవారొక్కరే అన్నాడు త్రినాథరావు. అయితే లేపండి బాబూ అన్నాడు దాలయ్య. లేపితే నిద్రాభంగం కింద వస్తుందని, తనకింకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉందని, నాలుగింటికల్లా వారే లేస్తారని త్రినాథరావు నేల చూపులు చూస్తూ చెప్పాడు.

దాలయ్య గేటు దగ్గరికి తిరిగి వచ్చాడు. ఊచలకు అవతల అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"దీన్ని ఈడే కన్నాను. దీని బిడ్డని కూడా ఈడే కనమంటావేటి?"

"లోపల సారు పడుకున్నారే" అన్నాడు దాలయ్య. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనకే అసహ్యం వేసింది.

"ఆనాడు కాళీ మంచానికి బయపడ్డావు. ఇయాల మంచం మీద మనిసున్నాడు. అంతేగదా తేడా" అంది అచ్చియ్యమ్మ. ఆటోలోంచి రవణమ్మ "నాన్నా" అని పిలిచింది. 

తాళంచెవి ఎప్పటిలాగే నడుముకే ఉంది. తాళం ఇట్టే వచ్చింది, ఎందుకంటే నెలనెలా దానికి ఆముదం పోసేది దాలయ్యే. గేటు తీశాడు. బంతిపూల దండలు తెగి రోడ్డు మీద పడ్డాయి. ఆటో కదిలినప్పుడు రవణమ్మ ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు బంగళా కిటికీలు అదిరాయంటే అతిశయోక్తి కాదు. అచ్చియ్యమ్మ ఆటో ఎక్కుతూ మొగుడి మొహంలోకి ఒక్కసారి చూసింది. ఇరవై ఎనిమిదేళ్ల తరవాత ఆమె అతన్ని అలా చూడటం అదే మొదలు, దాలయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఖద్దరు లాల్చీ విప్పేసి బనీను మీద ఉన్న ఉమాపతిరావు గారు వరండాలోకి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎవడ్రా నిద్ర పాడుచేసిందీ?" అన్నారు. విట్టేకర్ దొరగారు తొలిరోజున బండివాళ్లను అడిగిందీ ఇదే మాటని నూకయ్య చెబుతుండేవాడు. దొరగారికి తెలుగు కూడా అంతమట్టుకే వచ్చునట.

 దాలయ్య రిజిస్టరు తెరిచి, తన ముత్యాల చేతిరాతలో రాశాడు. "ప్రభుత్వం వారు నిద్రించుచున్నారు. గేటు తెరువబడినది." సమయం వేసి, సంతకం పెట్టి రిజిస్టరును త్రినాథరావు చేతికిచ్చాడు.

ఆసుపత్రిలో రవణమ్మకు ఆడపిల్ల పుట్టేసరికి ఇక్కడ సస్పెన్షన్ ఉత్తర్వు పుట్టింది. ఉమాపతిరావు గారు దాన్ని తన చేత్తోనే రాశారు. కోపంలో ఉన్న మనిషి కాబట్టి దేన్నీ వదలకుండా రాశారు. సదరు జవాను ప్రభుత్వం వారు నిద్రించుచుండగా గేటు తెరచి నిద్రాభంగము కలిగించెను. విచారణ ముగియు పర్యంతము జవాను విధులకు దూరముగా ఉండవలెను. సాక్ష్యము చెడకుండుటకు గాను, గేటును నేరము జరిగిన నాటి స్థితిలోనే, మార్పు లేకుండా, భద్రపరచవలెను.

నేరం జరిగిన నాటి స్థితి అంటే తెరిచి ఉన్న స్థితి. గేటు రెక్కల్ని బార్లా తీసి, కొండవైపు రాతికి గొలుసుతో కట్టి, లక్కముద్ర వేశారు. మర్నాడు ఒంటిగంటకు అవతలి జనం అలవాటు కొద్దీ వచ్చి ఆగారు. ఆపేవాళ్లెవరూ లేరు. కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకుని, చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా నడిచి వచ్చేశారు. వారం తిరిగేసరికి చెప్పులేసుకునే నడవసాగారు.

ఇక విచారణ. విచారణాధికారి మొదటి రోజునే ఒక చిక్కులో పడ్డారు. ప్రభుత్వం వారికి నిద్రాభంగం కలిగిందని రుజువు చెయ్యాలంటే ముందు ప్రభుత్వం వారు నిద్రపోతున్నారని రుజువు చెయ్యాలి. అందుకు ఎవరైనా అధికారి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. త్రినాథరావును అడిగితే తాను వరండాలో ఉన్నానన్నాడు. ఉమాపతిరావు గారిని అడిగితే తాను నిద్రపోలేదనీ, కళ్లు మూసుకుని జాతి సమస్యల గురించి ఆలోచిస్తున్నాననీ రాసిచ్చారు. అన్ని శాఖలకూ లేఖలు పోయాయి. ఆ తేదీన, ఆ సమయాన తమ శాఖ నిద్రించుట లేదని ప్రతి శాఖా జవాబిచ్చింది. అలా జవాబులివ్వడానికి వాటికి ఏడాది పట్టింది.

దాలయ్య సగం జీతంతో ఇంట్లో ఉంటున్నాడు. మనవరాలు నడక నేర్చింది. అంతా బాగానే ఉన్న సమయంలో కొత్త విచారణాధికారి వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. వెదుళ్లపాలెం దాకా వచ్చి అరుగు మీద కూచుని, దాలయ్య చేసింది తప్పే కాదని, వారంలో కేసు కొట్టేయించి మళ్లీ గేటు డ్యూటీలో చేర్పిస్తానని భుజం తట్టి చెప్పాడు.

దాలయ్య వేళ్ల మీద లెక్క కట్టుకున్నాడు. నిర్దోషి అంటే గేటు మళ్లీ తనే వెయ్యాలి. దోషి అంటే తనను తీసేసి కొత్తవాణ్ణి వేస్తారు, వాడు వేస్తాడు. ఎటు తేలినా గేటు పడుతుంది. విచారణ నడిచినన్నాళ్లే దారి తెరిచి ఉంటుంది. ఆ రాత్రే కూచుని దాలయ్య తన సర్వీసులో రెండో అర్జీ రాశాడు. విట్టేకర్ దొరగారి అసలు ఉత్తర్వు చూడనిదే తాను సంజాయిషీ ఇచ్చుకోలేననీ, అది లేకుండా కేసు కొట్టేస్తే సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధమనీ, తాను బాధిత పక్షమనీ.

వెతికితే అసలు ఉత్తర్వు ఇక్కడ లేదు. తెల్లవాళ్లు పోతూ పోతూ మిగతా వాటితోబాటు దాన్నీ ఓడలో వేసుకుపోయారని తేలింది. సర్కారువారు వాళ్ల దేశపు దస్తావేజుల ఆఫీసుకు లేఖ రాశారు. ఆరు నెలలకు ఆ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మీ అభ్యర్థన పరిశీలనలో ఉన్నదని. త్రినాథరావు ఆ జవాబు తెచ్చి చూపిస్తే దాలయ్య రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. తెల్లదొరల ఆఫీసు కూడా మన ఆఫీసులాంటిదేనన్న ధైర్యం అతనికి అప్పుడు కలిగింది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దాలయ్య మనవరాలి వేలు పట్టుకుని గేటు దాటి సంత దాకా వెళ్లొస్తాడు. పిల్ల గొలుసుకున్న లక్కముద్రను ముట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాగుతాడు. తిరిగి ఇంటికి రాగానే అచ్చియ్యమ్మ ఇప్పుడు ముందే మంచినీళ్ల చెంబు చేతికిచ్చి, ఆ తరవాత అడుగుతుంది, అలవాటు పోక.

"నీ దొర లెగిసాడేటి?"

"నేదే" అంటాడు దాలయ్య. "మెల్లగా మాటాడు. పడుకోనీ."

అచ్చియ్యమ్మ గొంతు తగ్గిస్తుంది.